ఎనభై మూడు రూపాయల ఇరవై పైసల పద్దు

ఈ కేసు నా దగ్గరికి 2023 అక్టోబర్ 19న వచ్చింది. పూర్తిగా తేలేసరికి 2024 సంక్రాంతి అయింది. డబ్బు లెక్కన మొత్తం 9,616 రూపాయల 61 పైసలు. ఇంతకంటే ఎన్నో రెట్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లున్నారు. అయినా దీన్నే వివరంగా రాస్తున్నాను. కార్డు స్టేట్‌మెంట్ చదవకపోతే ఏమవుతుందో, చదివి కూడా తప్పు పద్దు మీద వేలు పెడితే ఏమవుతుందో రెండూ ఈ ఒక్క ఇంట్లోనే జరిగాయి. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు, బ్యాంకు చెప్పడం లేదు.

నేను పాలకొల్లులో లెక్కలు రాస్తాను. చెరువుల రైతుల జీఎస్టీ, కొబ్బరి వ్యాపారుల ఖాతాలు, పెద్దవాళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు నా రోజువారీ పని. ఐదారేళ్లుగా ఇళ్లల్లోని క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు చూసిపెట్టడం కూడా వచ్చి చేరింది. ఎవరూ అడగకుండానే మొదలైంది. రిటర్ను కోసం కాగితాలు తెచ్చినవాళ్ల సంచిలో స్టేట్‌మెంట్ కనిపిస్తే నా కన్ను దాని మీదికి పోతుంది. చదవని స్టేట్‌మెంట్ చూస్తే చెయ్యి ఊరుకోదు.

బాబాయిగారు మా నాన్నగారి స్నేహితులు. రాజోలు దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల కొబ్బరి తోట, బ్యాంకులో కొంత డిపాజిట్, ఆయన, పిన్నిగారు, అంతే ఇల్లు. కూతురు, అల్లుడు దుబాయ్‌లో ఉంటారు. ఆ గురువారం ఉదయం చించినాడ వంతెన దాటి, నేను ఆఫీసు తలుపులు తియ్యకముందే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. చేతిలో మడిచిన కాగితం.

"అమ్మాయ్, ఒక కుర్రాడి సంగతి తేల్చాలమ్మా" అన్నారు, కూర్చోమనేలోపే.

ఆ కాగితం సెప్టెంబర్ 18 నాటి స్టేట్‌మెంట్. రాజోలులో నెట్ సెంటర్లో ప్రింట్ తీయించారు. మధ్యలో ఒక పద్దు చుట్టూ ఎర్ర బాల్‌పెన్నుతో మూడు నాలుగు చుట్లు. ఆగస్టు 28, 3,186 రూపాయలు. పక్కన ఏదో ప్రైవేట్ లిమిటెడ్ పేరు, గురుగ్రామ్ అని ఊరు. ఆ కంపెనీ పేరు ఆయన ఎప్పుడూ వినలేదు. గురుగ్రామ్‌తో ఆ ఇంటికి ఏ పనీ లేదు.

పక్కింటి కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, కార్డు బిల్లు కట్టడం, అన్నీ వాడే చేసిపెట్టేవాడు. పిన్నిగారిని పెద్దమ్మా అని పిలుస్తాడు. సెప్టెంబర్ 20 ప్రాంతంలో బాబాయిగారు వాణ్ని పిలిచి, "ఇది నువ్వేమన్నా వాడావా?" అని అడిగారు. వాడు లేదన్నాడు. ఈయన మళ్లీ అడిగారు. మూడోసారి అడిగేసరికి వాడు ఫోను బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ వాడు రావడం లేదు. వాళ్లమ్మ గోడ మీదుగా పిన్నిగారితో మాట్లాడడం మానేసింది. అక్టోబర్ బిల్లు వచ్చే వేళయింది, కట్టిపెట్టే మనిషి లేడు. అందుకని నా దగ్గరికి వచ్చారు: బిల్లు కట్టాలి, కుర్రాడు చేశాడో లేదో రుజువు కావాలి.

ఇలాంటప్పుడు నేను ఎర్ర చుట్లు ఉన్న పద్దు జోలికి ముందు వెళ్లను. మనిషి ఒక పద్దుని అనుమానించాడంటే మిగతా కాగితాన్ని చూడడం మానేసినట్టే. అందుకని అసలు తాజా స్టేట్‌మెంట్ తీద్దాం అన్నాను. ఫోనులో మెయిల్ తెరిచాం. ముందు రోజు రాత్రే అక్టోబర్ స్టేట్‌మెంట్ వచ్చి ఉంది. పీడీఎఫ్ తెరుచుకోలేదు. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన తేదీ కలిపి పాస్‌వర్డ్. ఆయన చెప్పిన తేదీ కొడితే తప్పంటోంది. రెండుసార్లయ్యాక నాకు తట్టింది. "బాబాయిగారూ, బళ్లో వేయించిన తేదీ ఏది?" అన్నాను. ఆయన నవ్వి, "జులై ఒకటి వేయించేశారమ్మా మా మాస్టారు" అన్నారు. తెరుచుకుంది. నెట్ సెంటర్ వాళ్లకి కూడా ముందు నెల ఇదే తిప్పలు వచ్చిందట. ఆ తరం వాళ్లలో సగంమందికి స్టేట్‌మెంట్ చదవకపోవడానికి మొదటి కారణం ఇదే. ఆ పాస్‌వర్డ్ ఏమిటో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోమని ప్రతి ఇంటికీ చెబుతాను.

నా పద్ధతి సులువు. ప్రింట్ తీసి, స్కేలు పెట్టి, పై నుంచి ఒక్కో పద్దూ పైకి చదువుతాను. చదివిన ప్రతిదానికీ ఒకటే ప్రశ్న: ఇది ఎవరిది? మనిషి పేరు చెబితే టిక్కు. "మనదే అయ్యుంటుంది" అంటే టిక్కు పెట్టను, చుక్క పెడతాను. పైసల్లో ఉన్నదైనా వదలను.

పెట్రోలు బంకు రెండుసార్లు, టిక్కు. మలికిపురం మందుల షాపు, టిక్కు. కూతురు పెట్టించిన ఓటీటీ, టిక్కు. తర్వాత స్కేలు జరిపితే అక్టోబర్ 11న 4,160 రూపాయలు. పేరు స్థానంలో కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, ఒక నక్షత్రం గుర్తు, ఆరంకెలు, చివర వేరే దేశం కోడ్. దాని కింద 145.60. దాని కింద 26.21.

ఆ రెండు చిన్న పద్దుల దగ్గర నేను ఆగాను. 4,160కి మూడున్నర శాతం వేస్తే సరిగ్గా 145.60. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 26.21. విదేశీ కరెన్సీలో ఖర్చు పెడితే బ్యాంకు వేసుకునే అదనపు చార్జీ, అంటే మార్కప్, దాని మీద పన్ను అది. వ్యాపారి పేరు ఎన్ని వేషాలైనా వెయ్యొచ్చు, ఇండియా కంపెనీలా కనబడొచ్చు, కానీ ఈ తోక మాత్రం దాచలేరు. స్టేట్‌మెంట్‌లో తోక ఉన్న పద్దు కనిపించిందంటే ఆ డబ్బు దేశం దాటినట్టు. రాజోలు దగ్గర పల్లెలో ఇల్లు కదలని దంపతుల కార్డు మీద అక్టోబర్‌లో దేశం దాటే ఖర్చేముంటుంది?

"ఎవరిది బాబాయిగారూ?"

ఆయన చాలాసేపు చూశారు. "మాది కాదమ్మా."

అప్పుడు ఆయన తెచ్చిన సెప్టెంబర్ కాగితం పరిచాను. ఎర్ర చుట్ల నుంచి కిందికి ఐదో పద్దు: సెప్టెంబర్ 9, 416 రూపాయలు. 14.56. 2.62. అదే నక్షత్రం, అదే దేశం. నెల రోజులుగా ఆ కాగితం ఆయన జేబులోనే ఉంది. పది మందికి చూపించారు. చూసినవాళ్లందరూ ఎర్ర చుట్ల మధ్యకే చూశారు. ఆ రోజే కింది పద్దు మీద కన్ను పడుంటే అక్టోబర్‌లో జరిగినవేవీ జరిగేవి కావు. ఈ మాట ఆయనతో అనలేదు. ఆయనకే తెలిసింది.

ఆగస్టుది మెయిల్లోంచి తీశాం. ఆగస్టు 14, 83 రూపాయల 20 పైసలు. 2.91. 0.52.

"ఎనభై మూడు రూపాయలకి కక్కుర్తి పడే దొంగెవడమ్మా?" అన్నారు బాబాయిగారు.

దొంగకి ఆ ఎనభై మూడు రూపాయలు అక్కర్లేదు. కార్డు నంబర్లు వాళ్లకి గుట్టలుగా దొరుకుతాయి. అందులో ఏది పనిచేస్తోందో, ఏది బ్లాక్ అయిందో తెలీదు. ఒక డాలర్ కొట్టి చూస్తారు. అది వెళ్లిందంటే కార్డు బతికే ఉందన్నమాట. నెల ఆగి ఐదు డాలర్లు కొడతారు. అదీ వెళ్లి ఎవరూ అడగలేదంటే, ఈ ఇంట్లో కాగితం చదివేవాళ్లు లేరన్నమాట. ఆ తర్వాత యాభై. చేపల చెరువులో దిగేముందు లోతు తెలీక కర్ర దింపి చూసినట్టే. ఆ మొదటి పద్దు పోయిన డబ్బు కాదు, దొంగ మన ఇంటి తలుపు తట్టిన చప్పుడు.

మరి ఓటీపీ లేకుండా ఎలా వెళ్లింది? ఇదే ప్రశ్న అందరూ అడుగుతారు. మన దేశంలో ఆన్‌లైన్ కొనుగోళ్లకి ఓటీపీ లాంటి రెండో తాళం తప్పనిసరి. అప్పట్లో విదేశీ వెబ్‌సైట్లకి ఆ నిబంధన వర్తించేది కాదు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనక ఉన్న మూడంకెలు చాలు. దానికి కాపలాగా రిజర్వు బ్యాంకు 2020లో ఒక ఏర్పాటు చేసింది: కొత్త కార్డు ఇచ్చేటప్పుడు దేశంలో ఏటీఎంకీ, షాపుల్లో గీకడానికీ మాత్రమే తెరిచి ఇవ్వాలి. ఆన్‌లైన్, విదేశీ వాడకం కావాలంటే మనమే యాప్‌లో స్విచ్ వెయ్యాలి. బాబాయిగారి కార్డుకి ఆ స్విచ్ వేసి ఉంది. 2023 జనవరిలో మనవరాలు పుట్టినప్పుడు దుబాయ్ వెళ్లారు. కూతురే స్విచ్ వేయించింది. తిరిగొచ్చాక తీసెయ్యడం ఎవరికీ గుర్తు లేదు. నంబరు ఎక్కడ జారిందో, అక్కడి హోటల్లోనో, ఏ వెబ్‌సైట్‌లోనో, చివరిదాకా తేలలేదు. తేల్చాల్సిన పనీ మనది కాదు.

ఇక మెసేజ్‌ల సంగతి. ప్రతి ఖర్చుకీ బ్యాంకు మెసేజ్ పంపాలి కదా? బ్యాంకులో ఉన్న నంబరు ఆయన పాత కీప్యాడ్ ఫోనుది. వాట్సాప్ కోసం కూతురు కొనిపెట్టిన స్మార్ట్‌ఫోనులో వేరే నంబరు. ఆ చిన్న ఫోను అడిగి తీసుకుంటే తెర మీద కవరు బొమ్మ మిణుకుమిణుకుమంటోంది. ఇన్‌బాక్స్ నిండిపోయింది. ఇంతకు ముందు ఓటీపీ కోసం కుర్రాడు వచ్చినప్పుడల్లా పాతవన్నీ ఒక్కసారే తీసేసేవాడట. ఆగస్టు, సెప్టెంబర్ మెసేజ్‌లు అలా చదవకుండానే పోయుంటాయి. వాడు రావడం మానేశాక మెసేజ్‌లు తీసేవాళ్లు లేరు. ఫోను నిండింది. కొత్తవి రావడం ఆగిపోయింది.

ఉన్నవన్నీ తీసేశాను. ఫోను బల్ల మీద పెట్టీ పెట్టకుండానే మోగింది. మళ్లీ మోగింది. రెండు రోజులుగా బయట ఆగి ఉన్న మెసేజ్‌లు వరసగా వచ్చి పడ్డాయి. కొబ్బరి రేట్లు, రీఛార్జి ఆఫర్లు, వాటి మధ్యలో ఒకటి: అక్టోబర్ 17న మీ కార్డుపై 4,576 రూపాయల ఖర్చు. ఇది మా చేతిలో ఉన్న స్టేట్‌మెంట్‌లో లేదు. బిల్లు 18న తయారయ్యేనాటికి ఆ ఖర్చు ఇంకా బ్యాంకు లెక్కల్లోకి ఎక్కలేదు. స్టేట్‌మెంట్ కాగితం అక్కడితో ఆగుతుంది, ఖర్చు ఆగదు. అందుకే కాగితం చూశాక, బిల్లులోకి ఎక్కని పద్దులు కూడా యాప్‌లోనో ఫోన్లోనో అడగాలి.

అక్కడ్నుంచి పని చకచకా జరిగింది. కార్డు వెనక అచ్చయి ఉన్న నంబరుకే ఫోన్ చేశాం. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే దొంగల నంబర్లు కూడా దొరుకుతాయి, ఆ పని ఎప్పుడూ చెయ్యకూడదు. కార్డు మూసేస్తాను అని బాబాయిగారు పట్టుబట్టారు. మూసెయ్యడం వేరు, బ్లాక్ చేయించడం వేరు. బ్లాక్ చేసి కొత్త నంబరుతో కార్డు తెప్పించుకుంటే ఖాతా నడుస్తూ ఉంటుంది, ఫిర్యాదు దాని మీదే నడుస్తుంది. బ్లాక్ అయిన సమయం, ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసుకున్నాం. 11 గంటల 20 నిమిషాలు. ఆ వెంటనే ఆయన మెయిల్ నుంచి నాలుగు పద్దులూ, వాటి మార్కప్, జీఎస్టీ పద్దులతో సహా రాసి బ్యాంకుకి పంపాం. ఫోను ఫిర్యాదు ఒక్కటీ సరిపోదు, రాతలో ఉండాలి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయించాం. డబ్బు ఇక్కడి ఖాతాల్లోకి పోయుంటే 1930 వాళ్లు వెంటనే ఆపగలరు. విదేశీ వ్యాపారికి పోయినదాని విషయంలో అంత ఆశ లేదు. కానీ ఆ రసీదు బ్యాంకు ఫారంతో జతచేయడానికి పనికొచ్చింది.

ఇప్పుడు రోజుల లెక్క. ఈ కేసంతా దీని మీదే నడిచింది, అందుకే నిదానంగా చెబుతాను.

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన, అప్పట్లో అమల్లో ఉన్న ఉత్తర్వు ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్ల వల్ల కార్డు మీద ఖర్చు పడితే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే మన నష్టం సున్నా. సమాచారం అందిన రోజుని లెక్కలోకి తీసుకోరు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మన నష్టానికి ఒక పరిమితి. 5 లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకి ఆ పరిమితి 10,000. ఏడు దాటితే ఆ బ్యాంకు సొంత విధానం ఎలా ఉంటే అలా. మనం ఓటీపీనో పిన్ నంబరునో ఎవరికైనా చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టమంతా మనదే.

బాబాయిగారి లిమిట్ లక్షన్నర. అక్టోబర్ 17 మంగళవారం నాటి 4,576కి 18 ఒకటి, 19 రెండు. మూడు రోజుల లోపే ఉన్నాం. మెసేజ్ మా చేతికందింది 19నే అయినా, ఖర్చు జరిగిన రోజు నుంచే లెక్కపెట్టినా సరిపోయింది. అక్టోబర్ 11 బుధవారం నాటి 4,160కి 12, 13 రెండు రోజులు. 14 రెండో శనివారం, బ్యాంకు సెలవు. 15 ఆదివారం. 16, 17, 18, 19 కలిపితే ఆరో పనిదినం. అంటే నాలుగు నుంచి ఏడు మధ్యలో.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పరిమితి 10,000 అన్నారు కదా, 4,160లో కొంతైనా వస్తుందనుకుంటారు. ఆ నిబంధన చదివితే, ఖర్చు మొత్తం లేదా 10,000, రెండింటిలో ఏది తక్కువైతే అది మన నష్టం. 4,160 పదివేల కంటే తక్కువ. కాబట్టి మొత్తం 4,160 మనదే. 40,000 పోయినవాడికి ఈ పరిమితి 30,000 కాపాడుతుంది. 4,160 పోయినవాడికి ఒక్క రూపాయి కూడా కాపాడదు. చిల్లరగా కొట్టే దొంగ విషయంలో మనకున్న రక్షణ ఆ మొదటి మూడు పనిదినాలే. చిన్న పద్దు కదా అని వారం ఊరుకున్న ఇంటికి ఆ ఉత్తర్వు అక్కరకు రాదు. నేను పైసల పద్దుల మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఇది.

బిల్లు గడువు నవంబర్ 7. ఫిర్యాదు చేశాం కాబట్టి అసలు కట్టనంటారు కొందరు. అది తప్పు. మనవైన పద్దులన్నీ కూడి ఆ మొత్తం గడువులోపు కట్టించాను. మోసమని ఫిర్యాదు చేసిన పద్దుల మీద అది తేలేదాకా చార్జీలు వెయ్యకూడదని 2022లో వచ్చిన రిజర్వు బ్యాంకు కార్డుల నిబంధనల్లో ఉంది. అయినా నవంబర్ స్టేట్‌మెంట్‌లో వడ్డీ పడింది, దాని మీద జీఎస్టీ కూడా. ఆ నిబంధన గుర్తుచేస్తూ రెండు వాక్యాల మెయిల్ పెడితే డిసెంబర్‌లో తీసేశారు. అడగకపోతే ఉండిపోయేది.

ఆ ఆదివారం నేనే వాళ్లింటికి వెళ్లాను. మిగతా నెలలు కూడా చదవాలి, ముఖ్యంగా ఎర్ర చుట్ల 3,186 సంగతి తేల్చాలి. దసరా రోజులు. పిన్నిగారు గారెలకి పప్పు నానబోశారు. గోడ మీద వెంకట్రామా క్యాలెండర్, దాని మీద తేదీల పక్కన ఆవిడ చేతిరాత: గ్యాస్, దింపు, ఒలుపు, పాలు లేవు. లెక్కలు రాసేవాళ్లకి అలాంటి క్యాలెండర్ దొరకడం అదృష్టం. మా చిట్టా ఆవర్జాల కంటే నమ్మకంగా ఉంటుంది. ఆగస్టు 14న దింపు, అంటే కొబ్బరికాయలు దించిన రోజు. ఇద్దరూ రోజంతా తోటలోనే ఉన్నారు. ఆగస్టు 28కి ఏమీ లేదు. కానీ సెప్టెంబర్ 1 దగ్గర చిన్న అక్షరాల్లో "బెల్టు వచ్చింది" అని ఉంది.

"ఏ బెల్టు పిన్నిగారూ?"

"మోకాలికండి. ఆ బెల్టూ, బీపీ మాత్రలూ. మూడు నెలలకి ఒకేసారి తెప్పిస్తే తక్కువ పడుతుందన్నాడు కుర్రాడు. అవి వచ్చాక డబ్బులు ఇచ్చేసినట్టే గుర్తమ్మా నాకు."

డబ్బులు ఇవ్వలేదు. కార్డు మీదే కొట్టారు, ఓటీపీ ఆవిడే చదివి చెప్పింది. ఆ సంగతే మర్చిపోయింది. అయినా నాకు కాగితం కావాలి. ఆ పెట్టె ఏదని అడిగితే బీరువా మీదికి చూపించింది. అట్టపెట్టెలో వేసవిలో పెట్టిన మినప వడియాలు. బల్లెక్కి దించాను. పెట్టె పక్కన అంటించిన ప్లాస్టిక్ సంచిలో ఇన్‌వాయిస్ మడత ఇంకా అలాగే ఉంది. పైన మందుల యాప్ పేరు పెద్దక్షరాల్లో, కింద అమ్మినవారు అని చిన్నక్షరాల్లో ఆ గురుగ్రామ్ ప్రైవేట్ లిమిటెడ్. మొత్తం 3,186.00.

యాప్‌కి ఒక పేరు, డబ్బు తీసుకునే కంపెనీకి ఇంకో పేరు. స్టేట్‌మెంట్‌లో రెండోదే వస్తుంది. మన ఊళ్లో కూడా అంతే: జనం ఒక పేరుతో పిలిచే బట్టల షాపు స్వైపింగ్ మెషీన్‌లో యజమాని తండ్రి పేరు మీద ఉంటుంది. తెలియని పేరు కనబడితే ముందు మొత్తాన్ని, తేదీని ఇంట్లో బిల్లులతో సరిచూడాలి. పేరుతో తేల్చుకోకూడదు. నేను చూసిన ఇళ్లల్లో అనుమానంతో ఎర్ర గీత గీసినవాటిలో ఎక్కువ భాగం ఇంట్లోవాళ్లవే అని తేలాయి. ఎవరో ఒకరు మర్చిపోయి ఉంటారు. ఆ లోపల ఒక మనిషి మీద మాట పడిపోయి ఉంటుంది.

బాబాయిగారు ఆ ఇన్‌వాయిస్ చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. పిన్నిగారు కళ్లు తుడుచుకుంది. "ఆ పిల్లాడు ఎంత బాధపడ్డాడో అండి" అంది, ఆయనతో. ఆయన చొక్కా వేసుకుని, కాగితం జేబులో పెట్టుకుని పక్కింటికి వెళ్లారు. నేను వెంట వెళ్లలేదు.

బ్యాంకు సంగతి చెప్పి ముగిస్తాను. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చెయ్యాలని ఆ ఉత్తర్వులోనే ఉంది. నవంబర్ మొదటి వారంలో 4,576 జమ అయింది. దాని మార్కప్, జీఎస్టీ కలిపి 188.99 మాత్రం రాలేదు. అసలు ఖర్చే మాది కానప్పుడు దాని తోక మాదెలా అవుతుందని రాస్తే, అదీ వచ్చింది. ఈ తోకని ఫిర్యాదులో మొదటే విడిగా రాయాలి, లేకపోతే సాధారణంగా వదిలేస్తారు.

4,160 విషయంలో బ్యాంకు మొదట ఒప్పుకోలేదు. 11వ తేదీనే మెసేజ్ పంపామన్నారు. మా ఫోను నిండిపోయి అందలేదని మేం రాశాం. బాధ్యత కస్టమర్‌దని నిరూపించాల్సింది బ్యాంకే అని అదే ఉత్తర్వులో ఉంది, అది కూడా రాశాం. కానీ నిజం చెప్పాలంటే ఈ వాదన నాకే పూర్తిగా నిలబడేదిగా అనిపించలేదు. ఫోను శుభ్రంగా ఉంచుకోవాల్సింది మనమే. అందుకని రెండో దారి కూడా పట్టాను: చార్జ్‌బ్యాక్. ఓటీపీ లాంటి తనిఖీ లేకుండా డబ్బు తీసుకున్న వ్యాపారి, అది మోసమని తేలితే మామూలుగా ఆ నష్టం తానే భరించాలి. వ్యాపారి బ్యాంకు నుంచి మన బ్యాంకు ఆ డబ్బు వెనక్కి అడగొచ్చు. దానికి కార్డు నెట్‌వర్క్‌ల గడువు ఉంటుంది, ఆ గడువు దాటకముందే, ఈ ఖర్చు మాది కాదని చెప్పే డిస్ప్యూట్ ఫారం సంతకం పెట్టి ఇవ్వాలి. మేం అక్టోబర్‌లోనే నాలుగు పద్దులకీ ఇచ్చాం. అలాంటి ఫారం ఒకటుందని బ్యాంకు ముందుగా చెప్పలేదు, మేం అడిగితే ఇచ్చారు.

ఫిర్యాదు తేల్చడానికి 90 రోజుల గడువు. దానికి వారం ముందు, జనవరిలో, 4,160, 416 రెండూ తోకలతో సహా జమ అయ్యాయి. తేలకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయడానికి కాగితాలు సిద్ధం చేసి పెట్టాను, అవసరం పడలేదు. 83.20 రాలేదు. అడిగితే, వాళ్ల విధానం ప్రకారం కుదరదన్నారు. దాని తోక కలిపి 86.63. నేను మళ్లీ రాద్దామన్నాను. బాబాయిగారు వద్దన్నారు.

కొత్త కార్డు వచ్చిన రోజే విదేశీ వాడకం స్విచ్ ఆపి ఉందని సరిచూశాను. బ్యాంకులో నంబరు మార్పించి, మెసేజ్‌లు స్మార్ట్‌ఫోనుకి వచ్చేలా చేశాం.

నవంబర్ 19న బాబాయిగారు ఫోన్ చేశారు. స్టేట్‌మెంట్ వచ్చిందట. పాస్‌వర్డ్ అడగడానికేమో అనుకున్నాను. "ఉండమ్మా, వినిపిస్తాను" అని ఫోను స్పీకర్లో పెట్టారు. వెనక పిన్నిగారి గొంతు, గిన్నెల చప్పుడు. ఒక కుర్రాడి గొంతు పద్దు పద్దుకీ ఆగి చదువుతోంది.

"నవంబర్ రెండు. రాజోలు పెట్రోల్ బంకు. ఐదొందలు. ఎవరిది పెద్దమ్మా?"

"పెదనాన్నగారిదిరా."

"నవంబర్ ఆరు. నాలుగొందల పన్నెండు. ఎవరిది?"